వానలో సైకిల్ టూర్‌కి బట్టలు ఎంచుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

నా మొదటి పెద్ద టూర్‌లో మూడో రోజు. పొద్దున్నుంచీ ముసురు. ఒంటి మీద కొత్త జాకెట్, దాని లేబుల్ మీద 20,000 అని పెద్ద అంకె. ఇక నాకేం భయం అనుకుంటూ గంటన్నర సేపు ఎత్తు ఎక్కాను. పైకి చేరాక చెట్టు కింద ఆగి జాకెట్ విప్పితే లోపలి టీషర్టు తడిసి ముద్దయింది. జాకెట్ కారుతోంది, మోసపోయాను అనుకున్నాను. టీషర్టు అంచు పిండి, ఆ వేలు నాలుకకు తాకించి చూశాను. ఉప్పగా ఉంది. వాన నీళ్లు ఉప్పగా ఉండవు కదా, ఆ తడంతా నాదే.

జాకెట్ తన పని తాను చేసింది. దానికి చేతకాని పని కూడా చేస్తుందని ఆశపడింది నేను. రోజంతా సైకిల్ తొక్కేవాళ్లు వానలో ఎటునుంచో ఒకటునుంచి తడుస్తారు. బయటినుంచి వానకైనా, లోపలినుంచి చెమటకైనా. అందుకే ‘చుక్క పడనివ్వని బట్ట ఏది’ అని వెతికేవాళ్లు చివరికి ఖరీదైనది కొని చిరాకు పడతారు. తడిసినా చలి పట్టనివ్వనిది, ఆగిన చోట తెల్లారేలోగా ఆరేది ఏది అని వెతికితే ఎంపిక చాలా తేలికవుతుంది.

మొదట: మీకు పడేది ఎలాంటి వాన?

చాలామంది వాన ఎంత గట్టిగా పడుతుందో చూస్తారు. బట్టల ఎంపికలో అంతకన్నా ముఖ్యమైనది ఆ వాన ఎంత చల్లగా ఉంటుందన్నది.

కారణం ఇదీ. కాళ్లు పెడల్స్ మీద 100 వాట్ల శక్తి పెడుతున్నాయంటే ఒంట్లో దాదాపు 300 నుంచి 400 వాట్ల వేడి పుడుతుంది. మనం ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు, ఒక్కోసారి ఐదో వంతు మాత్రమే చక్రానికి చేరుతుంది, మిగతాదంతా వేడే. ఆ వేడిని చెమట ఆవిరై మోసుకెళ్లాలి. ‘గాలి ఆడే’ జాకెట్ అని అమ్మేవాటిలో ఆవిరి బయటికి పోవాలంటే లోపల ఆవిరి ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. జాకెట్ లోపల 35 డిగ్రీల దగ్గర చెమటతో నిండిన గాలికి ఆవిరి ఒత్తిడి సుమారు 56 హెక్టోపాస్కల్స్. బయట 10 డిగ్రీల వానలో అది 12. తేడా 44 ఉంది కాబట్టి ఆవిరి ఎంతో కొంత బయటికి నడుస్తుంది. అదే బయట 28 డిగ్రీల వాన అయితే అక్కడే 38 దాకా ఉంటుంది, తేడా 18కి పడిపోతుంది. నీటిని ఆపి ఆవిరిని వదిలే ఎంత గొప్ప పొర ఉన్న జాకెట్ అయినా వెచ్చటి వానలో సగం కన్నా తక్కువే పనిచేస్తుంది. మీ జాకెట్‌లో లోపమేమీ లేదు, అది భౌతికశాస్త్రం.

నేను లెక్కవేసుకునే పద్ధతి ఇది. 20 డిగ్రీలు దాటిన వానలో తడవడానికి సిద్ధపడతాను. పలచటి బట్టలు, గాలి తగలకుండా ఒక తేలికపాటి పొర, అంతే. 10 నుంచి 20 మధ్య మంచి జాకెట్ కావాలి, కాళ్ల సంగతి మీ ఇష్టం. 10 కన్నా కిందికి దిగితే తలనుంచి పాదాల దాకా కప్పుకోవాల్సిందే, అక్కడ రాజీ పడకూడదు. కొండ దారులుంటే ఎత్తైన చోటు ఉష్ణోగ్రత చూసి ఎంచుకోండి. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకీ సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. పైగా ఎక్కేటప్పుడు ఉడికిపోయిన మనిషి దిగేటప్పుడు గడ్డకడతాడు. 10 డిగ్రీల గాలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే పొడి చర్మానికే 6 డిగ్రీలున్నట్టు అనిపిస్తుంది. తడి చర్మం సంగతి చెప్పక్కర్లేదు.

రెండు: జాకెట్ లేబుల్ చదవడం

లేబుల్ మీద మామూలుగా రెండు అంకెలుంటాయి. మిల్లీమీటర్లలో ఉండేది నీటిని ఆపే శక్తి. గుడ్డ మీద నీటి గొట్టం నిలువుగా పెట్టి, ఎంత ఎత్తు నీళ్లు నింపేదాకా కారకుండా ఆగిందో చూస్తారు. 10,000 అంటే 10 మీటర్ల ఎత్తు నీటి బరువుకి తట్టుకుందని. వాన చినుకు అంత గట్టిగా కొట్టదు కదా అనుకోవచ్చు. కానీ బ్యాగ్ పట్టీ భుజం మీద నొక్కే చోట, వంగినప్పుడు ముంజేతి మీద గుడ్డ బిగుసుకునే చోట ఒత్తిడి చాలా పెరుగుతుంది. సైకిల్ మీద వీపుకి బ్యాగ్ తగిలించుకోకపోతే 10,000 చాలు. 30,000 కోసం అదనంగా ఖర్చు పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

గ్రాముల్లో ఉండే రెండో అంకె, చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో ఎంత నీటి ఆవిరి పోయిందో చెబుతుంది. 20,000 అంటే గంటకి దాదాపు 830 గ్రాములు. కాగితం మీద చూస్తే చెమటకి ఇది ధారాళంగా సరిపోవాలి. చిక్కేమిటంటే ఈ పరీక్ష చేసే పద్ధతులు నాలుగైదున్నాయి, ఒక్కోదానిలో ఒక్కో అంకె వస్తుంది. ఒక కంపెనీ అంకెని ఇంకో కంపెనీ అంకెతో పోల్చడానికి వీల్లేదు. అందుకే ‘ఆర్‌ఈటీ’ అనే అంకె ఎక్కడైనా కనిపిస్తే దాన్ని నమ్మండి. ఆవిరికి గుడ్డ ఎంత అడ్డుపడుతుందో, వేడి పలక మీద చెమట పట్టించినట్టు చేసి ఐఎస్ఓ 11092 ప్రమాణం ప్రకారం కొలిచేది ఇది. ఇక్కడ అంకె తక్కువుంటే మంచిది. 6 కన్నా తక్కువైతే ఆవిరి బాగా పోతుంది, 20 దాటితే పాలిథీన్ సంచికి దగ్గర చుట్టం.

పొర గురించి కూడా ఒక మాట. రాబర్ట్ గోర్ 1969లో పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) అనే పదార్థాన్ని ఒక్కసారిగా లాగి సాగదీస్తే అది సన్నటి రంధ్రాల పొరగా మారింది. జాకెట్లలో వాడే గోర్-టెక్స్ అనే పొర అక్కడినుంచే వచ్చింది. నీటి చుక్క దూరలేనంత సన్నటి రంధ్రాలు, ఆవిరి మాత్రం దూరిపోతుంది. ఇప్పుడు పాలీయురెథేన్‌తో, ఇంకా వేరే పదార్థాలతో చేసిన పొరలూ చాలా ఉన్నాయి. ఆ పొర చాలా పలచన కాబట్టి దాన్ని గుడ్డకి అతికిస్తారు. బయట గుడ్డ, మధ్యలో పొర, లోపల ఇంకో పలచటి గుడ్డ ఉంటే మూడు పొరల జాకెట్. లోపలి గుడ్డకి బదులు పొర మీద సన్నటి పూత వేస్తే రెండున్నర పొరలు. రెండున్నర పొరలది తేలిక, చిన్నగా మడతపడుతుంది, కానీ చెమట పడితే చేతికి అంటుకుని చిరాకు పెడుతుంది, త్వరగా అరుగుతుంది. వానలు అరుదుగా పడే దారిలో అదే మేలు. వారాల తరబడి తడుస్తూ పోయేవాళ్లు మాత్రం మూడు పొరలదే తీసుకోవాలి.

కుట్లు లోపలివైపునుంచి చూడండి. సూది పోయిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉంటుంది. కుట్టు పొడుగునా టేప్ అతికించి ఉండాలి. ‘ముఖ్యమైన కుట్లకే టేప్’ అని రాసుంటే అది జల్లుకి పనికొస్తుంది కానీ రోజంతా కురిసే వానకి ఆగదు.

మూడు: లేబుల్ మీద లేనివి

నిజానికి జాకెట్ మంచిచెడ్డలు తేలేది ఇక్కడే.

గాలి దారులు: చంకల కింద పొడుగాటి జిప్‌లు, వీపు మీద చిన్న కప్పు కింద తెరుచుకునే సందు, పైనుంచీ కిందనుంచీ తెరవగలిగే ముందు జిప్. జిప్‌ని 20 సెంటీమీటర్లు తెరిస్తే పోయే ఆవిరి ముందు, పొరలోంచి నెమ్మదిగా పోయే ఆవిరి దాదాపు లెక్కలోకి రాదు. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఖరీదైన పొరని వదిలి చంక జిప్‌లనే ఎంచుకుంటాను. చేతులకున్న వెల్క్రో పట్టీ కూడా గాలి దారే. ఎక్కేటప్పుడు వదులు చేసి మోచేతి దాకా లాక్కోండి, దిగేటప్పుడు బిగించండి.

కొలత: నిలబడి అద్దంలో చూసుకుంటే సరిపోయిన జాకెట్ సైకిల్ ఎక్కగానే మారిపోతుంది. వీపు పైకి లాగుకుని నడుము బయటపడుతుంది, చేతులు కురచవుతాయి, ముందువైపు గుడ్డ కడుపు దగ్గర సంచిలా ఉబ్బి నీళ్లు నిలుస్తాయి. కాబట్టి షాపులో జాకెట్ వేసుకుని, హ్యాండిల్ ఎత్తులో ఉన్న బల్ల మీదో కుర్చీ వీపు మీదో రెండు చేతులూ ఆన్చి వంగండి. ఇప్పుడు ఎవరినైనా వెనకనుంచి చూడమనండి. జాకెట్ తోక సీటు మీదికి రావాలి, మణికట్టు బయటికి కనిపించకూడదు. లోపల ఒక స్వెటర్ వేసుకుని ఇదే మళ్లీ చేయండి. అలాగని మరీ వదులైతే గాలికి పటపటా కొట్టుకుంటుంది, మైలు మైలుకీ ఆ చప్పుడే.

టోపీ (జాకెట్ మెడకి ఉండే హుడ్): ఇక్కడ రెండు వర్గాలున్నాయి. హెల్మెట్ మీదినుంచి వచ్చే పెద్ద టోపీ వెచ్చగా ఉంటుంది కానీ గాలికి తెరచాపలా లాగుతుంది, పక్కకి తల తిప్పితే టోపీ లోపలి గుడ్డే కనిపిస్తుంది. వెనకనుంచి బండి వస్తోందో లేదో తెలియదు. నేను హెల్మెట్ కింద ఇమిడే పలచటి టోపీ, లేదా అసలు టోపీ లేని జాకెట్ వైపే. క్యాంపులో వానకి తల దాచుకోవడానికి టోపీ పనికొస్తుందన్న మాట నిజమే, అందుకని విప్పి తీసేయగలిగే టోపీ ఉంటే ఇంకా మంచిది.

జేబులు తక్కువుంటే మేలు. జేబు జిప్ దగ్గరే ముందు కారేది.

నాలుగు: పాంచో సంగతి

సైకిల్ పాంచోని చూసి నవ్వేవాళ్లున్నారు. నవ్వనివ్వండి. మెడనుంచి హ్యాండిల్ దాకా చిన్న గుడారంలా పరుచుకుని, కిందంతా తెరిచి ఉంటుంది కాబట్టి చెమట పట్టదు. తొడలూ చేతులూ కూడా దానికిందే ఉంటాయి. సరైన దానికి బొటనవేలు దూర్చే ఉచ్చులు, లోపల నడుముకి కట్టుకునే తాడు ఉంటాయి. ఇవి లేకపోతే మొదటి గాలికే మీద పడి ముఖం కప్పేస్తుంది. నెమ్మదిగా, నిటారుగా కూర్చుని తొక్కేవాళ్లకి, వెచ్చటి నిలువు వానకి దీన్ని మించింది లేదు. ఎదురుగాలిలో, పక్కగాలిలో మాత్రం వాడకండి. పక్కనుంచి లారీ పోయినప్పుడు అది లాగే తీరు ఒకసారి అనుభవిస్తే చాలు. ఇంకో సంగతి, మడ్‌గార్డులు లేని సైకిల్‌కి పాంచో దండగ. చక్రం చిమ్మే బురదంతా కిందనుంచి లోపలికే వస్తుంది. వెనక లైటు సీటు కింద ఉంటే పాంచో దాన్ని కప్పేస్తుంది, చూసుకోండి.

అసలు ఏ బట్ట కొనేముందైనా మడ్‌గార్డులు బిగించండి. ముందు చక్రం మడ్‌గార్డు కింద నేలకి జానెడు ఎత్తు దాకా వేలాడే రబ్బరు ముక్క ఒకటి తగిలిస్తే పాదాలకి వచ్చే నీళ్లు బాగా తగ్గుతాయి. రోడ్డునుంచి ఎగిరే నీళ్లలో ఇసుక, నూనె కూడా ఉంటాయి. ఆకాశంనుంచి పడేది దీనికన్నా చాలా శుభ్రం.

ఐదు: నడుము కింద

చర్మం ఎంత వానకైనా తట్టుకుంటుంది, తుడిస్తే క్షణాల్లో ఆరుతుంది. 15 డిగ్రీలు దాటితే నేను రెయిన్ ప్యాంటు బయటికే తీయను. షార్ట్స్‌తో తొక్కి, ఆగాక కాళ్లు తుడుచుకుంటాను. కాళ్లు కదులుతూనే ఉంటాయి కాబట్టి మొండెం అంత త్వరగా చలికి లొంగవు.

చల్లటి చోట్లకి వెళ్లేవాళ్లు ప్యాంటు కొనేటప్పుడు మూడు చూడండి. బూట్లు విప్పకుండా తొడుక్కోగలిగేలా పిక్కల దాకా జిప్ ఉందా? వానలో ఒంటికాలి మీద గెంతుతూ బూటు విప్పడమంత విసుగు ఇంకోటి లేదు. మోకాలు పూర్తిగా ముడిచినప్పుడు గుడ్డ లాగుతోందా? లాగితే ప్రతి పెడల్‌కీ మీ శక్తిలో కొంత గుడ్డకే పోతుంది. చీలమండ దగ్గర బిగించే పట్టీ ఉందా? లేకపోతే కుడికాలి అంచుని చెయిన్ నమిలేస్తుంది. నా మొదటి ప్యాంటు అలాగే పోయింది, అంచు నిండా నల్లటి పళ్ల గాట్లు.

సీటు మీద కుట్లు ఉన్న ప్యాంటు తీసుకోవద్దు. ముందు అరిగేదీ కారేదీ అక్కడే. తొడల ముందుభాగాన్ని మాత్రమే కప్పి, వెనక పట్టీలతో కట్టుకునే తొడుగులు కూడా దొరుకుతాయి. సైకిల్ మీద వాన ఎక్కువగా కొట్టేది తొడల పైభాగానికే కాబట్టి ఇవి బాగా పనిచేస్తాయి. చుట్టి నడుముకే వదిలేసి, చినుకు పడగానే కిందికి దించుకోవచ్చు.

ఆరు: పాదాలు, చేతులు, తల

పాదాల దగ్గర అందరూ చేసే పొరపాటు నీళ్లు దూరని బూట్లు కొనడం. నీళ్లు పైనుంచే, చీలమండ దగ్గరినుంచే దిగుతాయి. దిగినవి బయటికి పోవు. అడుగడుగునా చేప తొట్టిలో కాలు పెట్టినట్టుంటుంది. వెచ్చటి వానకి చెప్పులు, పట్టీలున్న శాండల్స్ చాలు. చల్లటి వానకి మామూలు బూటు మీద తొడిగే కవర్, అదీ ప్యాంటు అంచు కవర్ బయట పడేలా. ప్యాంటుని కవర్ లోపలికి దోపితే కాలినుంచి జారిన ప్రతి చుక్కా తిన్నగా బూటులోకే పోతుంది. నియోప్రీన్ (నురుగులాంటి రబ్బరు) కవర్లు తడిసినా వెచ్చగా ఉంచుతాయి. క్లీట్ బూట్లయితే (పెడల్‌కి బిగుసుకునే ముక్క అడుగున ఉండేవి) అడుగునున్న బోల్టు రంధ్రాల్లోంచి కూడా నీళ్లు వస్తాయి, లోపలినుంచి టేప్ అంటించండి. ఏమీ లేనప్పుడు సాక్స్ మీద పాలిథీన్ సంచి తొడిగి బూటు వేసుకోవడం పాత చిట్కా. చెమట పడుతుంది కానీ చలిగాలి ఆగుతుంది.

చేతులు అన్నిటికన్నా ప్రమాదకరం. వేళ్లు కొంకర్లు పోతే బ్రేక్ పట్టలేరు. గ్లవుజులు కొనేముందు తొడుక్కుని మూడు పనులు చేసి చూడండి: బ్రేక్ గట్టిగా నొక్కడం, గేరు మార్చడం, జాకెట్ జిప్ లాగడం. మూడింటిలో ఏ ఒక్కటి రాకపోయినా వద్దు. లోపలి అస్తరు విడిగా ఊడి వచ్చే మందపాటి గ్లవుజులకి దూరంగా ఉండండి. తడి చేయి తీస్తే అస్తరు వెంట వచ్చేస్తుంది, మళ్లీ వేళ్లు దూరవు. పలచటి ఉన్ని గ్లవుజుల మీద ఒక సైజు పెద్దవైన, గిన్నెలు తోముకునే రబ్బరు గ్లవుజులు తొడగడం నేను చాలా టూర్లలో చేశాను. చూడడానికి బాగుండవు. పనిచేస్తాయి.

తలకి హెల్మెట్ కింద ముందుకు అంచున్న పలచటి సైక్లింగ్ క్యాప్ చాలు. కళ్లద్దాల మీద చినుకులు పడకుండా ఆపేది అదే.

ఏడు: లోపల వేసుకునేవి

లోపల కాటన్ వద్దు. తడిని పట్టుకుని వదలదు. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, ఒంటికి అంటుకున్న తడి కాటన్ బనియన్ చేసే పని అదే. మెరినో ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమని పీల్చుకోగలదు, తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది, నాలుగు రోజులు వేసుకున్నా కంపు కొట్టదు. కానీ ఆరడానికి టైం పడుతుంది. పాలిస్టర్ దాదాపు ఏమీ పీల్చుకోదు కాబట్టి పిండి ఆరేస్తే గంటల్లో పొడి, రెండో రోజుకే వాసన. చలికి మెరినో, వెచ్చటి వానకి పాలిస్టర్ అని నా పంపకం.

ఎత్తు మొదలవకముందే ఆగి లోపలి పొర ఒకటి తీసేయండి. చెమట పట్టాక తీస్తే ప్రయోజనం లేదు. బయల్దేరినప్పుడు కాస్త చలిగా అనిపిస్తోందంటే పొరలు సరిగ్గా ఉన్నట్టు.

ఇక ఒక్క నియమం మాత్రం ఎవరు ఎగతాళి చేసినా వదలను. పడుకునేటప్పుడు వేసుకునే బట్టలు ఒక జత, నీళ్లు దూరని సంచిలో విడిగా. టూర్ ఎంత పొడవైనా అవి సైకిల్ మీదికి రావు. తెల్లారి లేచి, వెచ్చటి పొడి బట్టలు విప్పి, నిన్నటి చల్లటి తడి జెర్సీలోకి దూరడం నరకం. ఆ నరకం పది నిమిషాలే, తొక్కడం మొదలుపెట్టాక ఒంటి వేడికి అదే సర్దుకుంటుంది. పొడి జత కూడా తడిపేసుకుంటే మాత్రం రాత్రంతా వణుకే. వణుకు ఆగకపోవడం, మాట ముద్దముద్దగా రావడం, బకిల్ పెట్టుకోవడం కూడా చేతకాకపోవడం లాంటివి కనిపిస్తే ఇక తొక్కొద్దు. వానా గాలీ తగలని చోటికి పోయి పొడి జత వేసుకుని, వెచ్చగా ఏదైనా తాగాలి. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా దిగితే హైపోథెర్మియా, అది గడ్డకట్టే చలిలోనే రావాలని లేదు.

ఎనిమిది: రంగు

వానలో డ్రైవర్లకి అద్దం మసకగా ఉంటుంది, నల్ల జాకెట్ తడి రోడ్డులో కలిసిపోతుంది. మెరిసే పసుపు, నారింజ పగటి వెలుతురుకే పనిచేస్తాయి. రాత్రి వాటివల్ల లాభం లేదు, అప్పుడు లైటు పడితే తళుక్కుమనే పట్టీలు కావాలి. ఆ పట్టీలు వీపు మీద కన్నా చీలమండల మీద ఉంటే మేలు. పైకీ కిందికీ కదిలే రెండు మెరుపులు చూడగానే అది సైకిల్ అని దూరంనుంచే తెలిసిపోతుంది.

తొమ్మిది: బయల్దేరే ముందు పరీక్ష, వచ్చాక సంరక్షణ

కొన్నవన్నీ వేసుకుని షవర్ కింద పది నిమిషాలు నిలబడండి, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకి చాపి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. మెడ దగ్గర, జిప్ అడుగున, చేతుల్లో ఎక్కడ చెమ్మ తగిలిందో తెలుస్తుంది. తర్వాత ఒక పొడి రోజున అదే జాకెట్ వేసుకుని అరగంట ఎత్తు ఎక్కండి. లోపల ఎంత తడి చేరిందో చూస్తే వానలో సంగతి అర్థమవుతుంది.

కొత్త జాకెట్ మీద చినుకులు పూసల్లా జారిపోతాయి. అది పొర గొప్పతనం కాదు, బయటి గుడ్డకి వేసిన పూతది. మట్టి, ఒంటి నూనె, సన్‌స్క్రీన్ వల్ల ఆ పూత పనిచేయడం మానేస్తే గుడ్డ నీళ్లు తాగి బరువెక్కుతుంది. లోపలికి కారకపోయినా ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. చాలామంది ‘జాకెట్ పాడైంది’ అనుకునేది ఈ దశలోనే. ముందు సున్నితమైన సబ్బుద్రావణంతో ఉతికి బాగా జాడించండి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ చుక్క కూడా వద్దు. తర్వాత లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడికి తిప్పండి, లేదా పైన పలచటి గుడ్డ వేసి గోరువెచ్చటి ఇస్త్రీ చేయండి. వేడికి పూత మళ్లీ లేస్తుంది. అప్పటికీ చినుకు నిలవకపోతే పూత స్ప్రే కొనండి. దాని మీద ‘పీఎఫ్‌ఏఎస్ లేనిది’ అని ఉందో లేదో చూడండి. పాత ఫ్లోరిన్ పూతల్లోని ఈ రసాయనాలు నేలలో, నీళ్లలో దశాబ్దాల పాటు విరగకుండా ఉండిపోతాయి.

తడి జాకెట్‌ని ఉండచుట్టి సంచి అడుగున వదిలేయకండి. పాలీయురెథేన్ పొర తేమలో క్రమంగా జిగురుగా మారి, పొలుసుల్లా ఊడుతుంది. వేలితో తోమితే తెల్లటి పొట్టు రాలుతోందంటే ఇక ఏ స్ప్రే దాన్ని బాగుచేయలేదు. అలాంటి జాకెట్‌ని వాన లేని రోజుల్లో కొండ దిగేటప్పుడు గాలికి అడ్డంగా వేసుకోండి. ఆ పనికి ఇంకో రెండేళ్లు వస్తుంది.